ముప్పై ఒకటో ట్యూబు

సోమవారం ఉదయం ఏడూ నలభైకి హైమవతి ల్యాబ్ వంటగదిలో కెటిల్‌లో నీళ్లు పెట్టి కప్పు కడుక్కుంటోంది. ఒక చేత్తో కప్పు, రెండో చేత్తో ఫోను. ఖుద్దూస్ సార్‌కి నిన్న మధ్యాహ్నం రిపోర్టు పంపింది. ఆయన చదివినట్టు గుర్తు పడింది గాని జవాబు రాలేదు.

చదివి కూడా నోరు మెదపలేదంటే ఏదో ఉంది, అనుకుంది. నీళ్లు మరిగి కెటిల్ దానంతటదే ఆగిపోయినా ఆమె చూసుకోలేదు.

పశ్చిమ ఆస్ట్రేలియా దక్షిణ తీరంలో ఉంది ఆ ల్యాబ్. అడవుల్లో తిరిగే కంగారూల్లాంటి సంచి జంతువులకు ఏయే వైరస్‌లు సోకుతున్నాయో వాటి జన్యువులను చదివి తేల్చడం అక్కడి పని. ల్యాబ్ పెద్ద షేక్ అబ్దుల్ ఖుద్దూస్. బాపట్ల దగ్గరి పల్లెలో పుట్టి, పశువైద్యం చదివి, ఎప్పుడో ఇక్కడికి వచ్చి స్థిరపడిన మనిషి. హైమవతిది తణుకు. ఆయన దగ్గర పరిశోధన చేయడానికే ఇంత దూరం వచ్చింది. ఇద్దరూ మిగతావాళ్లతో ఇంగ్లీషులోనూ, తమలో తాము తెలుగులోనూ మాట్లాడుకుంటారు.

ల్యాబ్‌కి కారులో గంటన్నర దూరంలో ఒక సంరక్షణ కేంద్రం ఉంది. అక్కడ కంచె లోపల పొటరూలను పెంచుతున్నారు. పొటరూ అంటే కంగారూకి చుట్టం, కాని కుందేలంతే ఉంటుంది. అడవిలో అవి దాదాపు కనుమరుగయ్యాయి. ఈ కంచెలోవాటిని చలికాలం పోయాక అడవిలో వదలాలని ఏర్పాటు. ఈలోగా రెండు చచ్చిపోయాయి. మిగిలినవాటి పెంటికలు ఏరి ల్యాబ్‌కి తెచ్చారు. ఆ పని హైమ చేతికి వచ్చింది.

కంచెలోని ప్రతి జంతువు పెంటికలోనూ ఆమెకు ఒకే వైరస్ కనిపించింది. ఇంతవరకూ ఎవరి కంటా పడనిది. అడవిలో మిగిలిన కొద్ది పొటరూల పెంటికల్లో దాని జాడే లేదు. దాని దగ్గరి చుట్టాల కోసం డేటాబేస్ వెతికితే ఒకటి పందుల పేడలో, ఒకటి కోతుల పెంటలో దొరికినట్టు తేలింది. వాటికి పంది వైరస్ అనీ కోతి వైరస్ అనీ పేర్లు పెట్టి ఉన్నాయి. హైమ తన దానికి పొటరూ వైరస్ అని పేరు పెట్టింది. ఒక కొత్త వైరస్‌కి పేరు పెట్టే అవకాశం ఈ వృత్తిలో చాలామందికి జీవితాంతం రాదు.

కేంద్రం డైరెక్టర్ మాల్కం శుక్రవారం నిర్ణయం తీసుకోవాలి. పొటరూలకు అంటుజబ్బు ఉందని ల్యాబ్ రాసిస్తే కంచెలో ఉన్నవాటన్నిటినీ మందిచ్చి చంపేస్తారు. అడవిలోకి జబ్బు పాకకుండా ఉండాలంటే మరో దారి లేదు. రిపోర్టులో హైమ అదే రాసింది. కింద సార్ సంతకం పడాలి.

ఆయన గదికి వెళ్లేసరికి కిటికీ దగ్గర నిలబడి కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు.

"చదివారా సార్?"

"చదివాను. కూర్చో. బాగా రాశావు. తప్పుల్లేవు."

తప్పుల్లేవు అని ఆయన అన్నారంటే అది మెచ్చుకోలు కాదని ల్యాబ్‌లో అందరికీ తెలుసు. హైమ కూర్చోలేదు.

"మరి సంతకం?"

"శుక్రవారం కదా. ఇది అక్కడికి ఎలా వచ్చిందంటావు?"

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు హైమ అందుకుంది. "డోరీన్ తెచ్చింది సార్."

డోరీన్ అంటే కంచెలో పొటరూలకు తిండి పెట్టే ఆవిడ.

"ఆవిడ ఇంట్లో పందులున్నాయి. ఫేస్‌బుక్‌లో ఫొటో చూశాను."

"ఫొటోలో పందులు దగ్గుతున్నాయా?"

"నవ్వకండి సార్. దగ్గరి చుట్టం పంది వైరస్. ఆవిడ పొద్దున పందుల్ని చూసుకుని అవే బూట్లతో కంచెలోకి వస్తుంది. పైగా ఆ రెండూ ఎప్పుడు చచ్చాయని అడిగితే నాకో మాట చెప్పింది, మాల్కంకి ఇంకో మాట చెప్పింది. ఏదో దాస్తోంది."

సార్ కళ్లద్దాలు పెట్టుకుని ఆమెను కాసేపు చూశారు.

"ఎవరెవర్ని అనుమానించావు ఇప్పటిదాకా?"

"డోరీన్‌ని. మాల్కంని కొంచెం. ఆయనకి ఈ పొటరూల్ని వదిలి పేపర్లో ఫొటో వేయించుకోవాలని ఉంది."

"మంచిదే. మన పనిలో అనుమానం లేకపోతే కుదరదు." ఆయన కారు తాళాలు తీసుకున్నారు. "పద, చూసొద్దాం."

కేంద్రం గేటుకి పెద్ద తాళం ఉంది. డోరీన్ లోపలినుంచి నడిచి వచ్చి, తాళం తీయకుండానే ఊచల మధ్యనుంచి చూసింది. ఎండకి కమిలిన చేతులు, పాత టోపీ.

"మళ్లీ వచ్చారా," అంది. "మొన్న వచ్చి పెంటికలు ఏరుకుపోయారు. అప్పట్నుంచీ మాల్కం నా మొహం చూడటం లేదు. ఈసారి ఏం ఏరుకుపోతారు?"

"ఈసారి చూడ్డానికే," అన్నారు సార్.

"చూడ్డానికి డబ్బులు తీసుకుంటాం. పిల్లలకి సగం." నవ్వకుండా అని తాళం తీసింది.

బూట్లు మందు నీళ్లలో ముంచి లోపలికి నడిచారు. డోరీన్ బూట్లు కూడా ముంచిందా లేదా అని హైమ వెనక్కి తిరిగి చూసింది. ముంచింది. మనం ఉన్నాం గనక ముంచింది, అనుకుంది.

పొటరూలు పగలు పొదల్లో ముడుచుకుని నిద్రపోతాయి. డోరీన్ నాలుక చప్పరిస్తే మాత్రం రెండు మూడు గడ్డిలోంచి ముక్కులు బయటపెట్టాయి. వాటిలో చెవికి పసుపు బిళ్ల ఉన్నది కాస్త వయసు మీరినదిలా ఉంది. వెనక కాలు ఈడుస్తూ వచ్చింది.

"దీనికేమైంది?" హైమ వెంటనే అడిగింది.

"నాలుగు రోజుల్నుంచీ అలాగే నడుస్తోంది. తిండి మాత్రం అన్నిటికంటే ముందు తింటుంది."

"మీరు మాల్కంకి చెప్పారా?"

"కుంటే ప్రతిదాని గురించీ చెప్పాలంటే ముందు నా మోకాలి గురించి చెప్పాలి."

పొద కింద నుంచి పొడుగు ముక్కు జంతువు మరొకటి పరుగెత్తింది. అది బాండికూట్ అనీ, కంచె కింద బొరియ చేసుకుని వస్తుందనీ డోరీన్ చెప్పింది.

"ఆ పేరు మాదే," అన్నారు సార్. "మా ఊళ్లో గాదెల కింద ఉండేదాన్ని పందికొక్కు అంటాం. మీవాళ్లు మా దేశంలో ఆ మాట విని, ఇక్కడికొచ్చి దీనికి తగిలించారు. దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు."

"ముక్కు చూసి మోసపోయామన్నమాట."

"మా పందికొక్కు కూడా ఒప్పుకోదు."

డోరీన్ మొదటిసారి నవ్వింది. సార్ ఇలా నవ్వులాడుతూ నిలబడటం హైమకి నచ్చలేదు. ఆమె చేతి తొడుగులు వేసుకుని నీళ్ల తొట్టెల అంచులు, తిండి పళ్లేల అడుగులు తుడిచి శాంపిళ్లు తీసుకుంది. పళ్లేల్లో తరిగిన చిలగడదుంపలు, పుట్టగొడుగులు, పల్లీలు మిగిలి ఉన్నాయి. అడవిలో పొటరూలు మట్టి తవ్వుకుని భూమిలోపల పెరిగే పుట్టగొడుగులు తిని బతుకుతాయి. ఇక్కడ అవి చాలినన్ని దొరకవు గనక మామూలు పుట్టగొడుగులు బయట కొని తెస్తారు.

తిరిగి వచ్చేసరికి సార్, డోరీన్ తిండి సామాన్ల షెడ్డు తలుపు దగ్గర ఉన్నారు. డోరీన్ కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి సార్ చేతిలో పెడుతోంది. సార్ దాన్ని సంచిలో పెట్టి, హైమ అడుగుల చప్పుడు విని జిప్పు లాగేశారు.

కారు చాలా దూరం వచ్చాక హైమ అడిగింది.

"ఆవిడ ఏమిచ్చింది సార్?"

"మీ ఆంటీకి."

"ఆంటీకి ఏమిచ్చింది?"

"ఏదోలే." ఆయన రోడ్డు వైపే చూస్తూ నడుపుతున్నారు. "ఇంకేమైనా అడగాలని ఉందా?"

లేదంది హైమ. అడగాల్సినవి చాలానే ఉన్నాయి. ల్యాబ్‌కి వచ్చే గ్రాంటులో పెద్ద భాగం ఆ కేంద్రం ద్వారానే వస్తుందని ఆమెకు తెలుసు. పొటరూలు చస్తే కేంద్రం మూతబడుతుంది. కేంద్రం మూతబడితే గ్రాంటు ఆగుతుంది. ఇన్నేళ్లూ సార్ గురించి అలాంటి ఆలోచన రాలేదు. ఇప్పుడు వచ్చింది, వచ్చి కూర్చుంది.

సాయంత్రం గదికి వచ్చాక మాల్కంకి ఫోను చేసింది. పసుపు బిళ్లది కాలు ఈడుస్తోందని, జబ్బు బయటపడుతున్నట్టుందని చెప్పింది. దాన్ని ఒక్కదాన్నీ ముందుగా చంపి, కాలేయం, రక్తం పరీక్షకి పంపితే అనుమానాలన్నీ తీరిపోతాయంది.

"ప్రొఫెసర్‌గారికి తెలుసా?" అన్నాడు మాల్కం.

"నేను చెప్తాను."

"అయితే సరే. బుధవారం మధ్యాహ్నం డాక్టర్ వస్తాడు. అప్పుడు ఆ పని చేయిస్తాను."

ఫోను పెట్టేశాక ఆమెకు తేలిగ్గా అనిపించింది. డోరీన్ దాచినా, సార్ దాచినా, కాలేయం దాచలేదు.

మంగళవారం సార్ మధ్యాహ్నం దాకా రాలేదు. వచ్చాక ఎవరితోనూ మాట్లాడకుండా గది తలుపు వేసుకున్నారు. హైమ ఏదో వంక పెట్టుకుని లోపలికి వెళితే ఆయన మొహం పీక్కుపోయి ఉంది. బల్ల మీద ఫ్లాస్కులో మజ్జిగ. ఆమె ముందే సంచి తీసి బల్ల కింద పెట్టుకున్నారు. తనను తప్పించుకుంటున్నారని హైమకి రూఢి అయిపోయింది. ఫోను సంగతి చెబుదామని వచ్చింది, చెప్పలేదు.

బుధవారం పొద్దున్నే ఆయనే ఆమె బల్ల దగ్గరికి వచ్చి ఒక చిన్న ప్లాస్టిక్ ట్యూబు పెట్టారు. లోపల మందు ద్రవంలో కలిపేసిన గోధుమరంగు చిక్కటి పదార్థం. పైన పేరు లేదు, ఊరు లేదు.

"ఇది కూడా నడుపు."

"ఎక్కడిది సార్?"

"చదివాక చెప్తాను."

"డోరీన్ ఇచ్చిందా?"

ఆయన కాస్త ఆలోచించి, "ఒక రకంగా," అన్నారు.

అప్పటికి ఆమె దగ్గర ముప్పై శాంపిళ్లు ఉన్నాయి. దీని మూత మీద 31 అని రాసింది. ఇది దేనికో ఆమెకు అర్థమైపోయింది. ఎక్కడో ఏ రోగమూ లేని జంతువు పెంటిక తెచ్చి, పొటరూదే అని చూపించి, ఇందులో వైరస్ లేదు చూశావా అంటారు. దాంతో రిపోర్టు బలహీనపడుతుంది. కానివ్వండి అనుకుని, ట్యూబుని ఒక్క క్షణం కూడా కంటికి దూరం కాకుండా పెట్టుకుని పని చేసింది. టాయిలెట్‌కి వెళ్లినప్పుడు కూడా దాన్ని కోటు జేబులో వేసుకుని వెళ్లింది.

ఇలాంటి శాంపిల్‌లో జన్యుపదార్థం తీసి యంత్రానికి ఇస్తే అది కోట్ల కొద్దీ చిన్న ముక్కలుగా చదువుతుంది. ఆ ముక్కల్లో జంతువువి ఉంటాయి, దాని పేగుల్లోని బ్యాక్టీరియావి ఉంటాయి, వైరస్‌లవి ఉంటాయి. మనుషులవి కూడా ఉంటాయి, ఎందుకంటే ఏరినవాళ్లు, పట్టుకున్నవాళ్లు, తుమ్మినవాళ్లు అందరూ మనుషులే. అందుకని కంప్యూటర్ మొట్టమొదట మనిషి ముక్కలన్నిటినీ తీసి అవతల పారేస్తుంది. ఆ తర్వాత పొటరూవి పక్కన పెడుతుంది. ఇదంతా ఎవరూ చెప్పకుండానే జరిగిపోతుంది. ఇళ్లలో బియ్యం కడిగిన మొదటి నీళ్లు పారబోసినట్టే, దాన్ని గురించి ఎవరూ ఆలోచించరు.

గురువారం ఉదయానికి ఫలితం వచ్చింది. హైమ ల్యాప్‌టాప్ తెరిచే పట్టుకుని సార్ గదిలోకి నడిచింది. తలుపు తట్టడం మర్చిపోయింది.

"సార్, ముప్పై ఒకటి."

"ఊఁ."

"వైరస్ ఉంది. ఉండటం కాదు, కంచెలో దేనికీ ఇంత లేదు. పొల్లు పోకుండా అదే వైరస్." గొంతులో గెలుపు వినపడకుండా ఉంచాలని చూసింది, కుదరలేదు. "ఇది ఎక్కడిదో గాని సార్, బాగా ముదిరిపోయింది."

"అంత ముదిరిందా?"

"ముదిరింది సార్."

"మరి దీన్నేం చేద్దాం?"

"మిగతావాటికి దూరంగా పెట్టాలి. నిజానికి ఇవాళే చంపెయ్యాలి. నొప్పి తెలీకుండా."

"ఖాయంగా?"

"ఖాయంగా."

"రాసివ్వు."

ఆయన ఇచ్చిన తెల్లకాగితం మీద హైమ నిలబడే రాసింది. నంబరు 31. వైరస్ అధికంగా ఉంది. జంతువు వ్యాధిగ్రస్తం. వెంటనే వేరుచేసి నొప్పి లేకుండా చంపడం మంచిది. కింద సంతకం చేసి తేదీ వేసింది.

సార్ ఆ కాగితాన్ని మొదటినుంచీ చివరిదాకా చదివారు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"ఒక్క రేపటిదాకా ఆగొచ్చా అమ్మాయ్?"

"దేనికి సార్?"

"ఇంట్లో మీ ఆంటీకి ఒక మాట చెప్పుకోవాలి."

హైమకి అర్థం కాలేదు. ఆయన బల్ల కింది సంచి తీసి, అందులోంచి స్టీలు టిఫిన్ డబ్బా, దాని పక్కన కాగితం పొట్లం బల్ల మీద పెట్టారు. పొట్లంలో వాడిపోయిన పుట్టగొడుగులు. డబ్బాలో అవే, సన్నగా తరిగి, ఉప్పూ మిరియాలూ చల్లినవి.

"సోమవారం రాత్రి తిన్నాను. పచ్చివే. పొయ్యి ఉండగా ఇదేం తిండని మీ ఆంటీ గోల. మంగళవారం పొద్దున కడుపు చెడి నా పని అయిపోయింది." ఆయన డబ్బా మూత పెట్టారు. "సాయంత్రానికి నీ ట్యూబుకి సరిపడా దొరికింది."

హైమ ల్యాప్‌టాప్ వైపు చూసింది. మళ్లీ ఆయన వైపు చూసింది.

"పొటరూ ముక్కలు ఎన్నొచ్చాయో చూశావా అందులో?"

"చూడలేదు సార్."

"మనిషివి?"

"అవి ముందే పారేస్తాం కదా సార్."

"ఆ పారేసినదాంట్లో నేనున్నాను."

ఆమె ల్యాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టి, కంప్యూటర్ పారేసినవాటిని వెనక్కి తెప్పించింది. అవి ఒక్కొక్కటిగా తెరమీదికి ఎక్కుతూ ఉంటే ఇద్దరూ చూశారు. పొటరూకి ఎదురుగా సున్నాకి దగ్గర్లో ఒక గీత. మనిషికి ఎదురుగా గీత తెర చివరిదాకా పోయింది.

వైరస్ పుట్టగొడుగుది. పుట్టగొడుగులు తిన్నవాళ్ల కడుపులోంచి దారి చేసుకుని బయటికి పోతుంది, అంతే. పంది పేడలో దొరికినదానికి పంది పేరు పెట్టినవాళ్లు ఆ పంది ఏం తిందో అడగలేదు. హైమ కూడా అడగలేదు. ఇవేవీ సార్ చెప్పలేదు. ఆమె నిలబడినచోటే నిలబడి తనకు తానే చెప్పుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. గోడ గడియారం చూసింది, అక్కర్లేకపోయినా.

"సార్, సోమవారం సాయంత్రం నేను మాల్కంకి ఫోను చేశాను."

ఏం చెప్పిందో చెప్పింది. ఎందుకు చేసిందో కూడా చెప్పింది. డోరీన్ మీద నమ్మకం లేక అంది. కాస్త ఆగి, మీ మీద కూడా అంది. సార్ మొహంలో ఏ మార్పూ లేదు గాని, ఆమె మాట పూర్తికాక ముందే ఫోను అందుకున్నారు. స్పీకర్లో పెట్టారు.

"ఆ కుంటిదా?" అన్నాడు మాల్కం. "నిన్న మధ్యాహ్నమే అయిపోయింది ప్రొఫెసర్. మీ అమ్మాయి చెప్పినట్టే చేశాం. శాంపిళ్లు పంపించేశాను. ముందు చచ్చి ఫ్రీజర్లో ఉన్న ఆ రెంటివీ కలిపి పంపాను. ఏమైనా పొరపాటా?"

"మిగతావాటిని ముట్టుకోకండి. సాయంత్రం రాసి పంపిస్తాం."

ఆయన ఫోను పెట్టేశారు. కిటికీ బయట ఎవరో సైకిలు తాళం వేసుకుంటున్నారు.

"నోటితో చెప్పేస్తే సోమవారమే తేలిపోయేది," అన్నారు చివరికి. "నేనే చూపించాలనుకున్నాను."

"చెబితే వినేదాన్ని కాదు సార్."

ఆయన టిఫిన్ డబ్బా తీసి సంచిలో పెట్టుకున్నారు.

సాయంత్రానికి రిపోర్టు మళ్లీ రాసింది. ఈసారి ఒక్క పేజీ. కంచెలో దొరికిన వైరస్ తిండిలోనిది, పొటరూలకు సోకినట్టు ఆధారం లేదు, చంపనవసరం లేదు. పేరు పెట్టిన చోట పేరు కొట్టేసింది. సార్ సంతకం చేశారు. శుక్రవారం మాల్కం ఆ రిపోర్టు మీదే నిర్ణయం తీసుకున్నాడు. కంచెలో మిగిలిన పొటరూలు మిగిలాయి.

డోరీన్‌కి చెప్పే పని హైమ తానే పెట్టుకుంది. సార్ చెప్తానన్నా వద్దంది.

"పుట్టగొడుగుల్లోనా?" అంది డోరీన్ ఫోనులో. "అవి నేను కూడా తింటానే."

"వండుకుని తినండి. ఏమీ కాదు."

"మీ ప్రొఫెసర్ కాసిని ఇమ్మంటే ఏం చేసుకుంటాడా అనుకున్నాను. మీ ల్యాబువాళ్లు ఏం అడిగినా నాకు అనుమానమే." కాస్త ఆగింది. "పసుపు బిళ్లది పోయింది, తెలుసా? బుధవారం తీసుకెళ్లారు. పట్టుకోమంటే నేనే పట్టుకున్నాను. ఎందుకో ఎవరూ చెప్పలేదు."

"నేను చెప్పాను మాల్కంకి. తీసుకెళ్లమని."

అవతలినుంచి పళ్లేలు కడుగుతున్న శబ్దం వినపడుతూ ఉంది. కొంతసేపటికి హైమే ఫోను పెట్టేసింది.

మరుసటి వారం పరీక్షల రిపోర్టు ల్యాబ్‌కి వచ్చింది. మొదట చచ్చిపోయిన రెండింటి కాలేయాల్లోనూ ఎలుకల మందు ఉంది. కంచెకి మరమ్మతు చేయడానికి వచ్చిన కాంట్రాక్టర్ మనుషులు తమ సామాన్ల చుట్టూ పెట్టుకుని, వెళ్లేటప్పుడు తీయని మందు అది. పసుపు బిళ్లదాని కాలేయంలో, రక్తంలో, మూత్రపిండాల్లో ఏ వైరస్సూ లేదు, ఏ మందూ లేదు. దాని వెనక కాలి మడమలో ఒక ముల్లు ఉంది.